కంపెనీ కొలువున వైద్యులు – 5: సామర్లకోట తోట

1785వ సంవత్సరము జూను మాసమున, కాకినాడ ప్రక్కనున్న జగన్నాథపురములో యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు రక్తవిరేచనములతో మంచము పట్టియుండగా, ఆయనకు కడపటి చికిత్స చేసినవాడు సమీపమందలి సామర్లకోట దండులో వైద్యుడుగానున్న విలియం రాక్స్‌బరో. రోగి సామాన్యుడు కాడు. స్వీడనుదేశమున లిన్నేయసు పండితుని శిష్యుడై వృక్షశాస్త్రము నభ్యసించి, 1768లో తరంగంబాడిలోని డేనిషు మిషనుకు వైద్యుడుగా వచ్చి, అచటినుండి ఆర్కాటు నవాబు కొలువునకును, పిమ్మట ఇంగ్లీషు కంపెనీ కొలువునకును మారి, కొండలు కోనలు పట్టి తిరిగి, దక్షిణదేశపు మొక్కలకు ఐరోపా పండితులలో ప్రసిద్ధి కల్పించినవాడు. జూను 26వ తేదీన ఆయన కన్నుమూసెను. మరణశాసనము ననుసరించి ఆయన పత్రములు లండనులోని సర్ జోసెఫ్ బ్యాంక్సుకు చేరినవి. ఆయన వ్యసనమో, ఆ మంచము ప్రక్కన కూర్చున్న వైద్యునికి చాల ఏండ్లకు ముందే అంటుకొనియుండెను.

ఈ వరుసలోని కడచిన భాగములందు మనము చూచిన వైద్యులు కోటలలోను, ఓడలమీదను తమ వృత్తిని నడపినవారు. రాక్స్‌బరో కథ వేరు. అతని పేరు విన్నవారు కూడ అతనిని వైద్యుడుగా నెరుగరు. వృక్షశాస్త్ర గ్రంథములలో మొక్కల లాటిను నామముల చివర పొట్టి అక్షరములలో కనబడు ఒక గుర్తుగా మాత్రమే ఎరుగుదురు. కాని అతడు జీతము పుచ్చుకొన్నది వైద్యునిగా. పరికించిన తీరును వైద్యునిదే. రోగి చెప్పినది వినుట, ఇరుగుపొరుగువారిని అడిగి తెలిసికొనుట, దినదినమును లక్షణములను వ్రాసియుంచుకొనుట, ఆపైని మందు నిర్ణయించుట అను నాలుగు పనులను అతడు మనుష్యుల విషయమునను, మొక్కల విషయమునను, కట్టకడపట ఒక దేశము విషయమునను చేసెను. మొదటి రెంటను అతని మాటను కంపెనీవారు మన్నించిరి. మూడవదానిలో ఏమి జరిగెనో ముందు చెప్పెదను.

అతడు పుట్టినది 1751లో, స్కాట్లండులోని ఎయిర్‌షైరు మండలమున క్రెయిగీ అను చిన్న ఊరిప్రాంతమున. చదివినది ఎడిన్‌బరో విశ్వవిద్యాలయమున. ఆకాలపు వైద్యవిద్యలో వృక్షశాస్త్రము అలంకారప్రాయమైనది కాదు. వైద్యుని సంచిలోని మందులలో అధికభాగము వేళ్లు, బెరడులు, ఆకులే గనుక, మొక్కను గుర్తింపలేనివాడు వైద్యుడే కాడు. ఎడిన్‌బరోలో ఆ శాస్త్రమును బోధించిన జాన్ హోప్ ఆచార్యుడు లిన్నేయసు పద్ధతిని బ్రిటనులో నాటినవారిలో ముఖ్యుడు. ఆయన శిష్యులు పలువురు కంపెనీ ఓడలెక్కి హిందూదేశమునకు వచ్చిరి. వ్యాపారమునకై వచ్చిన కంపెనీకి మొక్కల శాస్త్రముతో నేమిపని యని మనకు తోచవచ్చును గాని, ఆ వ్యాపారము దేనితో నడచెనో తలచుకొన్నచో సంశయము తీరును. మిరియాలు, నీలిమందు, చక్కెర, ప్రత్తి, అద్దకపు రంగులు, టేకు ఇవన్నియు మొక్కలే. వాటిని పరీక్షింపగల చదువరులు కంపెనీ కొలువులో దండువైద్యులు తప్ప వేరొకరు లేరు. చెన్నపట్టణములో వైద్యాధికారులలో అగ్రగణ్యుడైన జేమ్స్ ఆండర్సన్ ఎఱ్ఱరంగు పురుగునకై నాగజెముడు తోటలును, పట్టుపురుగునకై కంబళిచెట్ల తోటలును వేయించి ప్రభుత్వమునకు ఉత్తరములమీద ఉత్తరములు వ్రాయుచుండుటయు ఈకాలముననే.

రాక్స్‌బరో 1776లో చెన్నపట్టణపు ఆసుపత్రిలో సహాయవైద్యుడుగా చేరెను. చేరినది మొదలు అతడు చేసిన మొదటి శాస్త్రకార్యము మొక్కలకు సంబంధించినది కాదు. దినమునకు పలుమార్లు ఉష్ణమాపకమును, వాయుభారమాపకమును చూచి, గాలి ఏ దిక్కునుండి వీచుచున్నదో, వాన పడినదో లేదో వ్రాసికొనుచుండెను. ఆ దినచర్యను లండనులోని రాయల్ సొసైటీవారు 1778లోను, 1780లోను తమ పత్రికలో ప్రకటించిరి. వాతావరణమునకును జ్వరములకును సంబంధము కలదని ఆనాటి వైద్యుల దృఢవిశ్వాసము. కాబట్టి ఆసుపత్రిలోని సహాయవైద్యుడు ఆకాశమువంక చూచుట వృత్తిధర్మమే. ఈ అలవాటును అతడు తరువాతను మానలేదు. దానివలని ప్రయోజనము పది పదునైదేండ్లకు గాని తెలియరాలేదు.

1780లో పూర్తి వైద్యపదవి లభించినది. మరుసటియేట సామర్లకోటకు బదిలీ. ఉత్తర సర్కారులు కంపెనీ చేతిలోనికి వచ్చి అప్పటికి పదునైదేండ్లు. సామర్లకోటలో దండు ఉండెను. దండునకు ఆసుపత్రి ఉండెను. కుమారారామ భీమేశ్వరుని ఎత్తైన ఆలయము ఉండెను. ఏలేటి నీటితో తడియు చెరకుపొలములు పెద్దాపురము జమీను పొడవునను ఉండెను. పడమటను ఉత్తరమునను మన్యపుకొండలు, తూర్పున రెండు గంటల గుఱ్ఱపుదారిలో సముద్రము. చెన్నపట్టణపు దొరలు ఇట్టి తావునకు బదిలీని శిక్షగా తలచియుందురు. మొక్కల పిచ్చిగల వైద్యుడు దీనిని భాగ్యముగా తలచి పండ్రెండేండ్లు కదలకుండెను. ఇచట ఒకమాట చెప్పక తప్పదు: ఆకాలపు కంపెనీ నౌకరులు జీతముపైననే బ్రతికినవారు కారు; సొంతవ్యాపారము అందరికిని ఉండెను, రాక్స్‌బరోకును ఉండెను. శాస్త్రమును, లాభమును అతని మనస్సులో పేచీ లేకుండ కలిసియుండినవి. అతని తోటను చూచునపుడు ఈ సంగతిని మరువరాదు.

ఆ తోటలో అతడు వేయించిన మొక్కలను చెప్పవలెనన్న కాఫీ, దాల్చినచెక్క, జాజికాయ, కంబళిచెట్టు, సీమపనస ఇత్యాదులు చాలనున్నవి. అన్నింటికంటె మిన్నగా నమ్ముకొన్నది మిరియము. కంపెనీకి మిరియము మలబారునుండి రావలెను. మలబారు దారి మైసూరు యుద్ధములతో మూసికొనిపోవుచుండెను. రాజమహేంద్రవరపు కొండలలో తనంతట మొలచిన ఒక మిరియపు తీగెను రాక్స్‌బరో కనుగొని, కొండలలో కాయు తీగె మైదానమునను కాయవలెను గదా యని, సామర్లకోటలో వేలకొలది తీగెలను నాటించెను. ప్రభుత్వమువారు సంతోషించి ద్రవ్యసాహాయ్యమును చేసిరి. తీగెలు ప్రాకినవి గాని కంపెనీ కోరిన పంట చేతికి రాలేదు. మలబారు మన్నును, మలబారు వానయు తీగెతోపాటు తెచ్చుట ఎవరి తరము?

మిరియము విఫలమైనను, ఆ తోటచుట్టు అతడు పోగుచేసిన జ్ఞానము విఫలము కాలేదు. నా యెఱుకలో రాక్స్‌బరో జీవితమున అతి రమ్యమైన ఘట్టము ఇదియే. అతడు రైతులవద్దకు పోయి చెరకు నాటుట మొదలు బెల్లపు అచ్చు పోయువరకు చూచి, రాజమహేంద్రవరపు సర్కారులో హిందువులు చెరకు సాగుచేయు విధానమును గూర్చి ఒక వ్యాసమును వ్రాసెను. దానిని డాల్రింపుల్ అను దొర తన సంకలనమున అచ్చువేసెను. 1791లో వెస్టిండీసులోని ఫ్రెంచి దీవిలో బానిసలు తిరుగబడి చక్కెర ధర ఆకాశమునకు ఎక్కినపుడు, కొరడా లేకుండ స్వతంత్రులైన రైతులు చక్కెర పండింతురను వార్త లండనులో పలువురు చెవులు నిక్కించి విన్న వార్త. అద్దకమువారివద్దకు పోయి చిరివేరు సంగతిని విచారించెను. మచిలీబందరు కలంకారీ బట్టల ఎఱుపునకు మూలమైన ఆ వేరు గడ్డిమొక్కంత చిన్నది. సముద్రతీరపు ఇసుకనేలలలో అడవిగా మొలచు వేరు, సాగుచేసిన వేరుకంటె హెచ్చు రంగును, మేలైన రంగును ఇచ్చునని అద్దకమువారు చెప్పగా, దానిని అట్లే వ్రాసికొనెను. కరక్కాయ, పటిక మొదలైన వాటితో బట్టను సిద్ధపరచు క్రమమునంతయు, ఒక్కొక్క మెట్టు విడువకుండ, ఆసుపత్రిలో రోగి వృత్తాంతమును వ్రాసినట్లు వ్రాసెను.

లక్కపురుగు సంగతియు ఇట్టిదే. సామర్లకోట సమీపపు కొండలనుండి లక్కపట్టిన కొమ్మలను తెప్పించి గదిలో పెట్టుకొని, పిల్లపురుగులు వెలువడుట, కొమ్మ నంటుకొనుట, జిగురు కప్పుకొనుట మున్నగునవన్నియు కనిపెట్టి చూచి వ్రాసిన వ్యాసము కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ పత్రికలోను, లండను రాయల్ సొసైటీ పత్రికలోను వెలువడినది. అంకుడుచెట్టు ఆకులనుండియు నీలిమందు తీయవచ్చునని పరీక్షించి చూపినవాడును ఇతడే. ఏటికొప్పాక లక్కపిడతలను, లక్కబొమ్మలను ఎరిగిన మన పాఠకులకు ఇచట చిరునవ్వు రాకమానదు: లక్కయు, అంకుడుకర్రయు రెండును ఒకే వైద్యుని పరీక్షకు వచ్చినవి, బొమ్మలు చేయువారికో, అవి రెండును తాతలనాటినుండి చేతిలోని పనిముట్లు.

వైద్యమునకు సాక్షాత్తుగా సంబంధించిన పరిశోధన సోమిద మానును గూర్చినది. మన్యపు జ్వరము దండులను ఊడ్చివేయుచుండెను. దానికి మందు దక్షిణ అమెరికానుండి వచ్చు సింకోనా బెరడు. ఖరీదు మెండు, కల్తీ మెండు, యుద్ధము వచ్చినచో రాకపోకలు సున్న. రాజమహేంద్రవరపు కొండలలో పెరుగు సోమిద మాను బెరడు చేదుగను, వగరుగను ఉండుటను గమనించి, రాక్స్‌బరో దానిని జ్వరరోగులకు ఇచ్చి పరీక్షించి, సింకోనాకు బదులుగా వాడవచ్చునని డైరెక్టర్ల సభకు నివేదిక వ్రాసెను. అది 1793లో అచ్చయ్యెను. బెరడు ఎడిన్‌బరోకు పోయినది. కొంతకాలము అక్కడి ఔషధకోశమునందు స్థానమును సంపాదించుకొన్నది. వృక్షశాస్త్రజ్ఞులు ఆ చెట్టునకు పెట్టిన ప్రజాతి నామము నేటికిని మన సోమిదయే. కాని 1820లో ఫ్రెంచి రసాయనికులు సింకోనానుండి క్వినైనును విడదీసిన పిమ్మట ఆ బెరడు నడిగినవారు లేరు. సోమిదలో క్వినైను లేదు. రాక్స్‌బరో చూచినది చేదును, వగరును మాత్రమే. ఆకాలపు వైద్యునికి అంతకుమించి చూచు సాధనము లేదు.

1785లో కోనిగ్ మరణించిన పిమ్మట కంపెనీ ప్రకృతిశాస్త్రజ్ఞుని పదవి పాట్రిక్ రసెల్ అను మరియొక వైద్యునికి పోయెను. అలెప్పో నగరములో ప్లేగు రోగులను చూచి అనుభవము గడించి, విశాఖపట్టణములో అధికారిగానున్న తమ్మునివెంట మన తీరమునకు వచ్చినవాడాయన. రక్తపింజరికి ఇంగ్లీషున ఆయన పేరే నిలిచినది. కోరమండల తీరపు ఉపయోగకరములైన మొక్కలనన్నిటిని బొమ్మలతో అచ్చువేయవలెనని ప్రభుత్వమునకు సూచించినవాడు రసెల్. ఆ పనిని నిజముగా చేసినవాడు, ఆయన స్వదేశమునకు మరలిన తరువాత ఆ పదవికి వచ్చిన రాక్స్‌బరో. ఇతడు దేశీయ చిత్రకారులను కొలువుంచుకొని, మొక్కను కళ్ళయెదుట పెట్టుకొని, నిండు పరిమాణమున రంగులతో వ్రాయించెను. ఐదువందల పటములును, వాటి వర్ణనలును లండనుకు చేరగా, బ్యాంక్సు వాటిలో మూడువందలను ఏరెను. 1795లో ప్రారంభమై, డైరెక్టర్ల సభ ఖర్చుతో మూడు పెద్ద సంపుటములుగా, 1820వరకు, వెలువడిన ఆ కోరమండల తీరపు మొక్కల గ్రంథమునందు మోదుగయు, తాడియు, చిరివేరును చూచినవారు ఆ పటములను వ్రాసిన చేతులను మెచ్చుకొనక యుండలేరు. ఆ చేతులవారి పేరులు గ్రంథములో లేవు. మొక్కల ప్రక్కన తెలుగు పేరులను మాత్రము రాక్స్‌బరో ‘తెలింగ’ యని గుర్తు పెట్టి విడువక వ్రాసెను. వాటిని చెప్పినవారు ఎవరో గాని, మూలికలమ్ము వారో, కట్టెలు కొట్టువారో, తోటమాలియో అయియుండవలెను. హిందూదేశ వృక్షశాస్త్ర పితామహుడని ఇతనికి ఒక బిరుదము కలదు. నూరేండ్లకు ముందే డచ్చి గవర్నరు వాన్ రీడ్ మలబారు మొక్కలనుగూర్చి పండ్రెండు సంపుటములు వెలువరించియుండగా, అందుకు ఇట్టి అచ్యుతన్ అను ఈళవ వైద్యుడు సాయపడియుండగా, పితామహ పదవిని ఎవరికి ఇయ్యవలెనో బిరుదములు ఇచ్చువారే తేల్చుకొందురుగాక.

ఈ పనులకు నడుమ రెండు విపత్తులు వచ్చినవి. మొదటిది 1787 మే మాసపు ఉప్పెన. గాలివానతో సముద్రము పొంగి కోరంగి ప్రాంతమును ముంచివేసెను. ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకొనిపోయినవి. అంతవరకు రాక్స్‌బరో కూర్చిన గ్రంథములు, ఎండబెట్టిన మొక్కలు, వ్రాసికొన్న పత్రములు ఆ నీటిపాలైనవి. ముప్పదియారేండ్ల ప్రాయమున, పదునొకండు సంవత్సరముల శ్రమను పోగొట్టుకొన్నవాడు మరల మొదటినుండి ఆరంభించెను. మొక్కలనుగూర్చి మనకు దొరకిన రాక్స్‌బరో రచనలలో అధికభాగము ఆ రెండవ ఆరంభపు ఫలమని గుర్తించినచో, అతని ఓర్పు ఎట్టిదో తెలియును. కోరంగి కూడ తేరుకొని ఓడల రేవుగా మరి అర్ధశతాబ్దము బ్రతికి, 1839లోని మరియొక ఉప్పెనతో ముగిసిపోయెను.

రెండవది నీరు లేకుండుట. 1789 మొదలు వానలు ముఖము చాటువేసినవి. ఒక్కయేడు కాదు, వరుసగా. దక్కనులో పుర్రెల కరువని పేరుపడిన ఆ క్షామము ఉత్తర సర్కారులలో 1791, 1792 సంవత్సరములందు పరాకాష్ఠ నందుకొనెను. కొన్ని తావులందు జనము సగమువరకు నశించిరని లెక్క. వైద్యునికి ఆకలిరోగులు తెలియనివారు కారు. కాని రాక్స్‌బరో ఆకలికి చికిత్స చేసి ఊరకుండక, దాని పూర్వవృత్తాంతమును విచారింపసాగెను. ఇట్టి కరువు ఇదివరకు వచ్చినదా? ఎన్నడు? ఎంతకాలము? దస్తావేజులు కంపెనీవద్ద లేవు. అతడు పిఠాపురపు రాజునడిగెను. రాజు తన వంశములో పెద్దలు చెప్పుకొనుచు వచ్చిన సంగతిని తెలిపెను: సుమారు నూరేండ్ల క్రిందట, 1687 ప్రాంతమున, మూడేండ్లపాటు వాన లేక దేశము పాడయ్యెనట. గోలకొండ ఔరంగజేబు ముట్టడిలో పతనమైన యేడు అది. హైదరాబాదు ప్రాంతమునను అపుడు కరువేయని చరిత్రకారులు వ్రాసియున్నారు. ఒక రాజగృహపు జ్ఞాపకము, పారసీక చరిత్రలు ఇట్లు ఒకచోట కలిసికొన్నవి.

చెన్నపట్టణములో ఉష్ణమాపకమును చూచి వ్రాసికొన్న అలవాటు ఇచట అక్కరకు వచ్చెను. వానలు తప్పుట దైవికమైన ఆకస్మికమని త్రోసివేయక, కొన్ని తరముల కొకమారు తిరిగివచ్చు వ్యాధిగా అతడు తలచెను. తిరిగివచ్చు వ్యాధికి వచ్చిన తరువాత మందిచ్చుట చాలదు. కాబట్టి 1793లో ప్రభుత్వమునకు వ్రాసిన నివేదికలో పథ్యమును నిర్ణయించెను: వరి ఒక్కదానిపై ఆధారపడక, వానలు తప్పినను నిలిచి ఫలించు చెట్లను కాలువగట్లపైనను, ఊళ్ళచుట్టును, బంజరులందును విరివిగా నాటవలెను. కొబ్బరి, తాడి, ఈత, సగ్గుబియ్యపు చెట్టు, అరటి, పనస, సీమపనస, చివరకు నాగజెముడు వరకు అతడు పేర్లు వ్రాసెను. నాగజెముడు పండును ఆహారమని చెప్పిన వైద్యుని చూచి నవ్వువారు, కరువునాట మనుష్యులు తిన్న వాటి జాబితాను చూడనివారు.

ఆ నివేదికను చదివినపుడు దానియందలి దృష్టి రాక్స్‌బరో నౌకరుగానున్న వ్యాపారసంఘపు దృష్టి కాదని స్పష్టపడును. మిరియము, నీలి, లక్క కంపెనీకి లాభము. పనస, తాడి, ఈత కంపెనీకి ఏమి? రైతునకు మాత్రము ప్రాణము. పటముల గ్రంథమునకు వేలకొలది పౌనులు వెచ్చించిన ప్రభువులు ఈ పథ్యమును దేశవ్యాప్తముగా నడిపించిన జాడ లేదు. 1832–33లో నందన కరువు గుంటూరు సీమను తుడిచివేసినపుడు ఆ చెట్ల నీడ కానరాలేదు. కాటన్ దొర ధవళేశ్వరమువద్ద గోదావరికి అడ్డముగా ఆనకట్ట కట్టి ముగించునప్పటికి 1852. రాక్స్‌బరో నివేదికకు దాదాపు అరువదేండ్లు నిండినవి. కరువునకు కారణములైన శిస్తులను, ధాన్యపు ఎగుమతిని గూర్చి అతడు మరింత గట్టిగా మాటాడవలసియుండెనని మనము నేడు అనవచ్చును. అతడు కొలువున నున్నవాడు. కొలువున నున్నవాడు ఎంతవరకు మాటాడగలడో అంతకంటె నాలుగడుగులు ముందే నడచెనని నా అభిప్రాయము.

1793లో కలకత్తా సమీపమున, హుగ్లీనది ఆవలి గట్టున, శిబపురములోని కంపెనీ తోటను స్థాపించిన రాబర్ట్ కిడ్ మరణింపగా, ఆ యేటి చివర రాక్స్‌బరో ఆ తోటకు అధ్యక్షుడై వెళ్ళెను. సామర్లకోట తోటను బెంజమిన్ హైన్ అను మరియొక వైద్యుడు కొంతకాలము నడపెను. టిప్పు పతనమైన తరువాత హైన్ బెంగుళూరునకు మారగా, ఇచటి తోటకు ప్రాధాన్యము తగ్గిపోయెను. కలకత్తాలో గడచిన ఇరువదేండ్ల కథను మన పాఠకులకు విస్తరించి చెప్పను, అది బంగాళముదే. కిడ్ కాలమున మూడువందల రకములకు మించని తోట, రాక్స్‌బరో విడిచిపోవునప్పటికి మూడువేల ఐదువందల రకములతో నిండెను. జనుమును, జూటును నారకై పరీక్షించి, 1790లలో జూటు నారను లండనుకు పంపినవాడితడు. నూరేండ్లకు ఆ నారయే కలకత్తా సిరికి మూలమయ్యెను. నారలపై చేసిన పనికి లండనులోని కళాసంఘమువారు స్వర్ణపతకములనిచ్చిరి. 1810లో సిల్హెట్టునుండి స్మిత్ అను దొర ఒక బుట్టనిండ తేనె పంపగా, తేనెకంటె బుట్టయే రాక్స్‌బరోను ఆకర్షించెను. అల్లిన బుట్టలోనుండి తేనె ఏల కారలేదని చూడగా, లోపల ఒక చెట్టుపాలు పూసియుండెను. రబ్బరునిచ్చు ఆ మఱ్ఱిజాతి చెట్టు అట్లు శాస్త్రమున చేరినది. చిత్రకారులు వ్రాసిన పటములు రెండున్నర వేలకు మించినవి.

దేహము మాత్రము సహకరించలేదు. నడుమ స్వదేశమునకు పోయివచ్చినను, ఆరోగ్యము కుదుటబడక 1813లో కొలువు విడిచెను. దారిలో సెయింట్ హెలీనా దీవిలో కొన్ని నెలలు ఆగి, నెపోలియను ఆ దీవికి బందీయై రాకముందే, అచటి మొక్కల జాబితాను తయారుచేసెను. విశ్రాంతికై దిగినవాడు విశ్రాంతిని ఇట్లు గడపెను! 1815లో ఎడిన్‌బరోలో మరణించెను. గ్రేఫ్రయర్సు శ్మశానమున సమాధి కలదు.

హిందూదేశపు మొక్కలన్నిటిని వర్ణించిన అతని మహాగ్రంథము అప్పటికింకను వ్రాతప్రతియే. దానిని బయలుదేరునపుడు శ్రీరామపురపు మిషనరీ విలియం కేరీ చేతిలో పెట్టిపోయెను. ఇరువురికిని మొక్కలవలన కలిగిన స్నేహము. ఒక చెట్టుకు రాక్స్‌బరో కేరీ పేరునే పెట్టియుండెను. 1814లో కేరీ శ్రీరామపురపు ముద్రాలయమునుండి కలకత్తా తోట మొక్కల జాబితాను అచ్చువేసెను. ఆ సంవత్సరముననే అదే ముద్రాలయమునుండి అతని తెలుగు వ్యాకరణమును వెలువడెను. మహాగ్రంథపు మొదటి సంపుటము 1820లోను, రెండవది 1824లోను వచ్చినవి. తోటకు కొత్త అధ్యక్షుడైన డేనిషు వైద్యుడు నథానియల్ వాలిక్ తన చేర్పులను జోడించుచుండుటచే పని సాగిసాగి నిలిచిపోయెను. తుదకు రాక్స్‌బరో కుమారులు పూనుకొనగా, తండ్రి వ్రాసినది వ్రాసినట్లే, వాలిక్ చేర్పులు లేకుండ, 1832లో మూడు సంపుటములుగా కేరీ అచ్చువేసి ముగించెను. ఈ వాలిక్ మొదట శ్రీరామపురములో డేనిషు కొలువున చేరి, కంపెనీవారికి యుద్ధఖైదీగా చిక్కి, ఆ ఖైదునుండియే తోటలోనికి వచ్చిన విచిత్ర పురుషుడు. అతని వృత్తాంతము వచ్చు భాగమున.